లేని డిస్కు కోసం ఎదురుచూసిన సర్వరు

(అనంతపురంలో మన సంఘం జరిపిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం ఎందుకు కలుస్తామో ఈ హాల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని ఆ తీర్పు చెప్పింది. దాని మీద మాట్లాడడానికి నాకంటే సమర్థులు వేదిక మీద ఉన్నారు, వారు మాట్లాడతారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన పని వేరు. "మీ అబ్బాయి బెంగళూరులో కంప్యూటర్ల పని చేస్తాడు కదా, మనవాళ్ళకు అర్థమయ్యేట్టు కంప్యూటరు మీద ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. నేను 1972లో ట్రెజరీ శాఖలో గుమాస్తాగా చేరి, 2008లో గుమాస్తాగానే బయటికొచ్చిన మనిషిని. కంప్యూటరు గురించి నాకు తెలిసిందల్లా ఒక్క రాత్రిలో తెలిసింది. ఆ రాత్రి సంగతే చెబుతాను. భోజనాలు ఒంటిగంటకని విన్నాను, అంతలోపు ముగిస్తాను.

మొన్న దసరా సెలవులకు మా అబ్బాయి, కోడలు, పిల్లలు వచ్చారు. సెప్టెంబరు నెలాఖరు. రాత్రి పదిన్నరకు, అందరం పడుకునే వేళ, వాడి ఫోను మోగింది. రెండు మాటలు విని, లేచి ముందుగదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"ఒక సర్వరు కదలడంలేదు నాయనా. జీతాల లెక్క దాంట్లోనే తయారవుతుంది. తెల్లారి ఆరింటికంతా బ్యాంకుకు పోవాల" అన్నాడు.

జీతాల లెక్క అనేసరికి నాకు నిద్ర ఎగిరిపోయింది. ముప్పైఆరేళ్ళు నెలాఖరు బిల్లులతో బతికినవాడిని. ఒక్క రోజు ఆలస్యమైతే కౌంటరు ముందు నిలబడేవాళ్ళ మొహాలు ఎట్లుంటాయో మీలో చాలామందికి తెలుసు. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. వాడూ వద్దనలేదు.

ఇప్పుడు సర్వరు అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. అది కూడా కంప్యూటరే. మన బల్ల మీద ఒక మనిషి కోసం ఉండేది కాదు, వందలమంది పని ఒకేసారి చూసేది. దాని లెక్కలన్నీ డిస్కుల మీద ఉంటాయి. పెద్ద కార్యాలయాల్లో ఆ డిస్కులు సర్వరు పెట్టెలో ఉండవు. వేరే ఒక పెద్ద బీరువాలో వరసగా పెట్టి ఉంటాయి. దాన్ని స్టోరేజి అంటారు. సర్వరు నుంచి ఆ బీరువాకు గాజుతీగలు పోతాయి. మన రికార్డు రూము సెక్షన్‌కు దూరంగా ఉండేది చూడండి, అట్లాంటిదే. దస్త్రం కావాలంటే అటెండరు పోయి తేవాలి.

ఒక్క తీగే ఉంటే, అది తెగిన రోజు పని నిలిచిపోతుంది. అందుకని రెండు తీగలు, మధ్యలో రెండు స్విచ్చులు, బీరువాకు రెండు ద్వారాలు పెడతారు. అట్లా ఒక్క డిస్కుకు నాలుగు దారులు ఏర్పడతాయి. అనంతపురం నుంచి హిందూపురానికి పెనుకొండ మీదుగా బస్సులో పోవచ్చు, ధర్మవరం మీదుగా రైల్లోనూ పోవచ్చు. దారులు వేరైనా ఊరు ఒక్కటే కదా. చిక్కేమిటంటే సర్వరుకు ఆ సంగతి తెలియదు. నాలుగు దారుల్లో నాలుగుసార్లు కనబడ్డ డిస్కును నాలుగు డిస్కులనుకుంటుంది. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ అని నాలుగు పేర్లు పెట్టేస్తుంది.

ఈ చిక్కు విప్పడానికి మల్టీపాత్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దీన్ని నేను దారుల గుమాస్తా అంటాను. ప్రతి డిస్కుకూ పుట్టుకతో వచ్చిన ఒక పొడుగాటి నంబరుంటుంది. మా అబ్బాయి చూపించినది 3తో మొదలై 33 అక్షరాలుంది. ఈ గుమాస్తా నాలుగింటి నంబర్లూ చదివి, అన్నీ ఒకటేనని తెలుసుకుని, నాలుగు దారులనూ ఒక కట్టగా కట్టి, ఎంపాత్ఏ అని ఒకే పేరు పెడతాడు. అంతటితో వాడి పని అయిపోదు. అయిదు సెకన్లకొకసారి దారులు బాగున్నాయా లేదా అని తొంగిచూస్తూ ఉంటాడు. ఒక దారి తెగితే పనిని ఇంకో దారికి మళ్ళిస్తాడు. దారి బాగుపడితే మళ్ళీ దాన్ని లెక్కలోకి తెచ్చుకుంటాడు. ఇంత బుద్ధిమంతుడైన గుమాస్తా మా సెక్షన్‌లో ఉండుంటే మా సూపరింటెండెంటు గారికి రక్తపోటు వచ్చేది కాదు.

మరి ఆ రాత్రి ఏం జరిగింది? వారం ముందు ఒక పాత డిస్కులోని లెక్కలన్నీ కొత్త డిస్కుకు మార్చారు. పాతది ఖాళీ అయింది. స్టోరేజి చూసే అతను ఆ సాయంత్రం పాత డిస్కును వెనక్కి తీసేసుకున్నాడు. అతని పని అతను చేశాడు, అతని ఫైలు మూసుకున్నాడు. కాని సర్వరుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. సర్వరు పుస్తకాల్లో ఆ డిస్కు ఇంకా ఉంది. నాలుగు దారులూ ఉన్నాయి. వాటి కొసన మాత్రం ఏమీ లేదు.

రాత్రి తొమ్మిదికి ఏదో మామూలు పని ఒకటి ఆ డిస్కును తట్టింది. జవాబు లేదు. దారుల గుమాస్తా నాలుగు దారుల్లోనూ తట్టాడు, నాలుగూ చెడిపోయాయని రాసుకున్నాడు. అక్కడ వాడికి ఒక ఉత్తర్వు ముందే ఉంది. దారులన్నీ పోయినా సరే, వచ్చిన కాగితాలు వెనక్కి పంపవద్దు, ట్రేలో పెట్టుకుని దారి తిరిగి వచ్చేదాకా ఉండు అని. ఆ ఉత్తర్వు పిచ్చిది కాదు. స్విచ్చు ఒకటి రెండు నిమిషాలు ఆగి లేస్తే, ఆ రెండు నిమిషాల రాతలు పోకుండా కాపాడేది అదే. కాని డిస్కే తీసేసినప్పుడు దారి ఎక్కడి నుంచి వస్తుంది?

అట్లా ఎదురుచూసే పనిని బలవంతంగా ఆపుదామన్నా ఆగదట. చంపమని ఆజ్ఞ ఇచ్చినా చావదు. దాని చెయ్యి డిస్కు మీద ఉన్నట్టు లెక్క, ఆ చెయ్యి తిరిగి వచ్చేదాకా దానికి ఏ మాటా వినబడదు. ఒకటి చిక్కుకుంది. పదకొండుకు జీతాల పని మొదలైంది. జీతాల పనికి ఆ పాత డిస్కుతో సంబంధమే లేదు. కాని పని మొదలయ్యే ముందు ఏ డిస్కులో ఎంత జాగా ఉందో అన్నింటినీ ఒకసారి అడిగే అలవాటు ఉంది దానికి. ఆ అడగడంలో పాత డిస్కునూ అడిగింది. అదీ అక్కడే నిలిచిపోయింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, అది కూడా పడిన ఏడు పడి పడని ఏడు పడకుండా పోయేచోట, బావి ఉన్న రైతంటే ఒక గౌరవం. మా నాయన బావికి అయిదు హార్స్‌పవర్ మోటారు బిగించాడు. 1980ల నడిమి కరువుల్లో బావి ఎండింది. రెండేళ్ళు చూసి మోటారు విప్పి అమ్మేశాడు. సర్వీసు మాత్రం రద్దు చేసుకోలేదు. అప్పట్లో వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు. నీళ్ళు తోడినా అంతే, తోడకపోయినా అంతే. మోటారు లేని సర్వీసుకు మా నాయన ఏటా 250 రూపాయలు కట్టాడు. నేను లెక్కలు చూసే ఉద్యోగిని కదా, ఒకసారి కోపం వచ్చి అడిగాను. "సర్వీసు వదులుకుంటే, రేపు మళ్ళా జల పడితే లైను ఎవడిస్తాడప్పా?" అన్నాడు. బావిలో మెట్ల మీద వేపచెట్టు మొలిచి మనిషెత్తు అయింది. అడంగలులో మాత్రం ఆ సర్వే నంబరు ఎదురుగా నీటివనరు అనే గడిలో బావి అనే ఉండేది. ఆయన పోయేదాకా ఆ గడి మార్చనివ్వలేదు.

మా అబ్బాయి ఆ ఉత్తర్వు గురించి చెబుతున్నప్పుడు నాకు ఆ బావి గట్టు కళ్ళ ముందు కనిపించింది.

సరే, ఆ రాత్రికి వద్దాం. ఫోనులో అవతల ఒక కుర్రవాడు ఉన్నాడు. పాపం గొంతు వణుకుతోంది. "అన్నా, సర్వరు ఆపి మళ్ళీ లేపుదాం" అన్నాడు. ఇంట్లో టీవీ నిలిచిపోతే మనం చేసేదీ అదే కదా. మావాడు వద్దన్నాడు. ఆపేటప్పుడు అన్ని డిస్కులనూ విడదీస్తుంది, లేని డిస్కు దగ్గర మళ్ళీ నిలబడుతుంది. తీగ పీకేసి బలవంతంగా ఆపినా, లేచేటప్పుడు ఇంకో గండం ఉంది. ఏయే డిస్కులను తగిలించుకుని లేవాలో సర్వరులో ఒక పట్టీ రాసి ఉంటుంది. ఆ పట్టీలో పాత డిస్కు పేరు అట్లాగే ఉంది. లేచేటప్పుడు దాని కోసం ఒకటిన్నర నిమిషం చూసి, రాలేదని చెప్పి, పూర్తిగా లేవకుండా సగంలో కూర్చుంటుంది. అప్పుడు ఆ గదికి మనిషే పోవలసి రావచ్చు.

"దాన్ని పద్ధతిగా తీసేస్తాం" అన్నాడు మావాడు. ఆ తర్వాత వాడు అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "పేరు చెప్పొద్దు. నంబరు చదువు. ఒక్కొక్క అక్షరం చదువు."

ఆ కుర్రవాడు స్టోరేజి వాళ్ళ కాగితంలో, వెనక్కి తీసుకున్న డిస్కు నంబరు చదవడం మొదలుపెట్టాడు. మావాడు సర్వరులో ఉన్న నంబరు మీద వేలు పెట్టుకుని చూస్తున్నాడు. ముప్పై ఒక్క అక్షరాలూ సరిపోయాయి. చివరి రెండు సరిపోలేదు. అవతలివాడు తీసేద్దామని సిద్ధం చేసుకున్నది ఎంపాత్‌బీ. దాని నంబరు చివర వేరు. అది పాత డిస్కు కాదు. జీతాల లెక్క ఉన్న కొత్త డిస్కు. రెండూ ఒకే బీరువాలో పుట్టినవి కాబట్టి నంబర్లన్నీ ఒకటే, చివరన మాత్రమే తేడా. వాడకంలో ఉన్న డిస్కు కట్టను విప్పమంటే దారుల గుమాస్తా ఒప్పుకోడట. కాని దాని దారులను ఒక్కొక్కటిగా చెరిపేయమంటే మాత్రం సర్వరు అడ్డం చెప్పదట, మారుమాట లేకుండా చెరిపేస్తుందట. నాలుగు దారులూ చెరిపేసి ఉంటే ఆ నెల జీతాల సంగతేమిటో మీరే ఊహించుకోండి.

మావాడు ఏమీ అనలేదు. "సరే, ఇప్పుడు ఎంపాత్ఏ నంబరు చదువు" అన్నాడు. అది చివరిదాకా సరిపోయింది.

సోదరులారా, నాకు ఆ క్షణంలో చెమట పట్టింది. వాడి కోసం కాదు. ఈ మాట నేను ఏ సభలోనూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

1980లలో జిల్లాలో ఒక సబ్‌ట్రెజరీలో పెన్షన్ల సీటు చూసేవాడిని. ఏ ఊరో చెప్పను. మన వైపు పేర్లు మీకు తెలుసు, ఊరికి నలుగురు నారాయణప్పలు, నలుగురు ఓబులేసులు. నా రిజిస్టరులో ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు పెన్షనర్లున్నారు. అందులో ఒకరు చనిపోయారని కాగితం వచ్చింది. నెలాఖరు, బల్ల మీద కుప్ప. నేను పేర్ల సూచిక తీసి, మొదట కనబడ్డ పేరు ఎదుట ఎర్రసిరాతో మరణించారని రాసి, తేదీ వేసి, చెల్లింపు ఆపేశాను. పీపీఓ నంబరు చూడలేదు.

అయిదో తేదీన ఆ మనిషి భార్యను వెంటబెట్టుకుని బస్సు దిగి వచ్చాడు. చేతిలో పీపీఓ పెన్షనర్ సగం. కౌంటరు దగ్గర నిలబడి, "సార్, నేను పోయినానంట కదా, మీరు దినాలకు రాలేదే" అన్నాడు. సెక్షనంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆయన భార్య మొహం చూశాను. ఆమె నవ్వలేదు.

ఒక మనిషిని చంపడానికి నాకు ఒక్క గీత చాలింది. మళ్ళీ బతికించడానికి సుమారు రెండు నెలలు పట్టింది. గుర్తింపు పత్రాలు, వివరణలు, పైవారి ఉత్తర్వులు. ఆ రెండు నెలలూ ఆమె చెవుల కమ్మలు కుదువలో ఉన్నాయి. అటువైపు నిజంగా చనిపోయిన ఆయన పెన్షన్ రెండు నెలలు అట్లాగే జమ అయింది. ఆయన కొడుకు దాన్ని తీసుకున్నాడు. తర్వాత అది రికవరీ కింద ఆ విధవరాలి ఫ్యామిలీ పెన్షన్ నుంచి పోయింది. ఆమె నన్నేమీ అడగలేదు, అడగవచ్చని ఆమెకు తెలియదు. నాకు మెమో ఇచ్చారు, జవాబు రాశాను, అది వేరే సంగతి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నంబరు పైకి చదవకుండా ఏ పద్దూ కొట్టేయలేదు. పక్క సీటువాళ్ళు నన్ను ఎగతాళి చేసేవాళ్ళు. నలభై ఏళ్ళ తర్వాత మా ముందుగదిలో, మా అబ్బాయి నోట నేనెప్పుడూ వాడికి చెప్పని ఆ మాటే విన్నాను.

ఇక తీసే వరుస చెబుతాను. మీలో కంప్యూటరు పిల్లలున్న వాళ్ళు ఇంటికి పోయి వాళ్ళనడిగి సరిచూసుకోవచ్చు. మామూలుగా, డిస్కు ఇంకా ప్రాణంతో ఉండగా చేయవలసిన వరుస ఇది. ముందు ఆ డిస్కు మీద పనిచేసే వాళ్ళందరినీ ఆపాలి. మనసులో పెట్టుకుని ఇంకా రాయని లెక్క ఏదైనా ఉంటే డిస్కు మీద రాయించాలి. దీన్ని ఫ్లష్ అంటారు. మన భాషలో, చనిపోయిన తేదీ వరకు రావలసిన లైఫ్‌టైమ్ ఎరియర్స్ లెక్కగట్టడం వంటిది. తర్వాత డిస్కును విడదీయాలి. ఏదైనా ఉమ్మడి వాల్యూమ్ గ్రూపులో సభ్యత్వం ఉంటే మాన్పించాలి. లేచేటప్పటి పట్టీలో పేరు కొట్టేయాలి. అప్పుడు దారుల గుమాస్తా చేత కట్ట విప్పించాలి. విప్పే ముందే నాలుగు దారుల పేర్లూ కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే కట్ట విప్పాక ఏది ఏ కట్టదో తెలియదు. తర్వాత నాలుగు దారులనూ ఒక్కొక్కటిగా చెరపాలి. గుమాస్తా దగ్గర పాత నంబర్లు గుర్తుపెట్టుకునే చిన్న పుస్తకం ఇంకొకటుంటుంది, దాన్నుంచీ తీసేయాలి. ఇదంతా అయ్యాక, చిట్టచివర, స్టోరేజి అతను బీరువా నుంచి డిస్కును వెనక్కి తీసుకోవాలి. వీళ్ళు చివరి పని మొదట చేశారు.

ఆ రాత్రి డిస్కు ముందే పోయింది కాబట్టి మావాడు ఇంకొక మెట్టు ఎక్కువ ఎక్కవలసి వచ్చింది. ఆ ఒక్క డిస్కు వరకు ఎదురుచూసే ఉత్తర్వు రద్దు చేశాడు. అంటే ట్రేలో ఉన్న కాగితాలన్నీ "చిరునామాదారు లేరు" అని తిప్పి పంపమని. అది కొట్టే ముందు అవతలివాణ్ణి మూడుసార్లు అడిగాడు. లెక్కలన్నీ కొత్త డిస్కులో ఉన్నాయా, సరిచూసుకున్నారా, ఎవరు సరిచూశారు అని. ఎందుకంటే ట్రేలో ఏదైనా పనికొచ్చే కాగితం ఉంటే అది పోయినట్టే. ఉన్నాయని తేలాక కొట్టాడు. గంటల తరబడి చిక్కుకున్న పనులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. తప్పు తప్పు అని తెర నిండా వచ్చింది. మావాడు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి నీళ్ళు తాగాడు. ఆ తప్పులే కావలసినవట.

ఒకటిన్నరకు జీతాల పని మళ్ళీ మొదలైంది. నాలుగున్నరకు బ్యాంకుకు పోయింది. పొద్దున ఆయుధపూజకు కోడలు ల్యాప్‌టాప్‌కు పసుపు, కుంకుమ పెడుతుంటే, కొంచెం ఎక్కువే పెట్టమ్మా అన్నాను.

పాత పద్దును అట్లాగే వదిలేస్తే వచ్చే ఇంకొక ప్రమాదం కూడా వాడు చెప్పాడు. బీరువాలో ఖాళీ అయిన అర నంబరును కొన్నాళ్ళకు వేరే కొత్త డిస్కుకు ఇస్తారు. పాత దారి పేర్లు సర్వరులో మిగిలి ఉంటే, ఆ దారి కొసన ఉన్న కొత్త డిస్కును పాతదనే అనుకోవచ్చు. పాత లెక్కను కొత్త మనిషి మీద రాసినట్టవుతుంది. పెన్షన్ మనియార్డరులో వచ్చే రోజుల్లో ఇల్లు మారిన పెన్షనర్లు తెలుసు కదా. మనలో చాలామందికి ఈ ప్రమాదం ఇప్పుడు ఫోను నంబరు రూపంలో ఉంది. వాడకుండా వదిలేసిన సిమ్ నంబరు రద్దయ్యాక, 90 రోజులు దాటితే కంపెనీ ఇంకొకరికి ఇవ్వవచ్చు. మీ బ్యాంకు ఖాతాలో ఆ పాత నంబరే ఉంటే మీ ఓటీపీ ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి. మా వీధిలో ఒకాయన లైఫ్ సర్టిఫికెట్ పనికి పోయి, ఓటీపీ రాలేదని గంటసేపు కూర్చున్నాడు. ఆ నంబరు మూడేళ్ళ కిందటే వదిలేశాడట, మరిచిపోయాడు. జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చింది, ఇంటి నుంచే వేలిముద్రతో, ఇప్పుడు మొహంతో కూడా ఇవ్వవచ్చు, మంచిదే. కాని మనం బతికే ఉన్నామని చెప్పే దారి ఎటు పోతోందో మనమే చూసుకోవాలి.

ఇక నా సంగతి. ఆ తెల్లవారి మావాడు పడుకోబోతుంటే అడిగాను. "దారి పోయిందని తెలిసినా ఎందుకురా అది అట్ల చూస్తా ఉండేది?"

"మేమే అట్ల పెట్టినాం నాయనా. తిరిగి వస్తుందేమోనని" అన్నాడు, పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. ట్రంకుపెట్టె తీసి నా కాగితాలు చూశాను. 2011లో రిటైర్మెంటు డబ్బులో కొంత బ్యాంకులో డిపాజిట్ వేశాను, తిరగరాస్తూ వస్తున్నాను. నామినీ గడిలో మా ఇంటావిడ పేరు. ఆమె పోయి ఆరేళ్ళు. నా పెన్షన్ పుస్తకంలోనూ ఆమె పేరు, ఆమెతో కలిసి దిగిన జాయింటు ఫోటో. గ్యాసు పుస్తకం ఆమె పేరు మీద. ఈ ఆరేళ్ళలో పదిమంది ఫ్యామిలీ పెన్షనర్లకు నేనే కాగితాలు రాసిపెట్టాను, ఈ ముందు వరుసలో ఇద్దరున్నారు. బ్యాంకుకు నెలకొకసారి పోతాను. ఆ ఫారం సంగతి నాకు తెలియక కాదు. ప్రతిసారీ వచ్చే నెల చూద్దామనుకునేవాడిని. మా నాయనను స్లాబు గురించి నిలదీసినవాడిని నేనే.

నవంబరులో బ్యాంకుకు పోయాను. కౌంటరులో చిన్నపిల్ల, మా మనవరాలి వయసు. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్‌కు నామినీలను నలుగురి దాకా పెట్టుకోవచ్చు, ఎవరికెంత భాగమో కూడా రాయవచ్చు అని ఆ అమ్మాయే చెప్పింది. ఫారం నింపాను. పాత నామినీ పేరు రాయవలసిన చోట ఆగాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, నా వెనకాల ఆయనను పక్క కౌంటరుకు పొమ్మంది. రాశాను. కింద కొడుకు పేరు, కూతురి పేరు రాశాను. రసీదు ఇచ్చింది. దాని మీద నంబరు ఉంది, పైకి చదివి చూసుకున్నాను.

పెన్షన్ పుస్తకం సంగతి ట్రెజరీకి రాశాను. గ్యాసు పుస్తకం ఇంకా ఆమె పేరు మీదనే ఉంది. అది నేను పోయాక మా అబ్బాయి చూసుకుంటాడు.

ఇప్పుడు మీకు ఒక పని చెప్పి ముగిస్తాను, భోజనాల వాసన వస్తోంది. మన సంఘం గదిలో ఈ నెలాఖరుదాకా రోజూ ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను కూర్చుంటాను. వచ్చేటప్పుడు పీపీఓ, బ్యాంకు పాస్‌బుక్, డిపాజిట్ రసీదులు, ఆధార్ తీసుకుని రండి. పీపీఓలో భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, నామినీ బతికే ఉన్నారా, ఫోను నంబరు మీ చేతిలో ఉన్నదేనా, ఈ మూడూ చూద్దాం. జీవితాంతం మీ మీద ఆధారపడే దివ్యాంగులైన బిడ్డలుంటే ఆ సంగతి కూడా చెప్పండి, మీరుండగానే కాగితాలు సిద్ధం చేయాలి. భర్త పోయాక కూడా ఖాతా ఆయన పేరు మీదనే నడుపుకుంటున్న సోదరీమణులు సిగ్గుపడవద్దు, ముందు వాళ్ళవే చూస్తాను. ఫారాలు యాభై తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి. నింపడం రాకపోతే ఖాళీగానే తీసుకుని రండి, నేను రాస్తాను. నంబర్లు మాత్రం మీరే పైకి చదవాలి.